బాన్‌వైర్ కెంటె నేత కేంద్రం: మగ్గం పక్కన కూర్చోబెట్టి చూపే సేవ

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశంలో, అశాంతి (ఇది అక్కడి ఒక తెగ పేరు) ప్రాంతపు ముఖ్య నగరమైన కుమాసీకి ఈశాన్యంగా సుమారు 18 కిలోమీటర్ల దూరంలో బాన్‌వైర్ అనే చిన్న ఊరు ఉంది. కెంటె వస్త్రానికి పుట్టినిల్లుగా ఆ ఊరికి పేరు. అక్కడి నేత కేంద్రంలో ఊరి యువకులే వెంట ఉండి మగ్గాలన్నీ తిప్పి చూపిస్తారు, అడిగితే నేతగాడి పక్కన కూర్చోబెట్టి కొంతసేపు నేయనిస్తారు, నచ్చిన బట్టను నేసినవారి చేతి మీదుగానే కొనుక్కోనిస్తారు. ఈ సమీక్ష ఆ సేవ గురించే. మా పెద్దలది మంగళగిరి. గుంటూరుకు వచ్చి స్థిరపడేదాకా మా ఇంట్లో మగ్గం ఆడుతూనే ఉండేది. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు), నాడె (పేకను అటూ ఇటూ దాటించే పనిముట్టు) అనే మాటలు బడికి వెళ్లకముందే చెవిన పడిన ఇంట్లో పెరిగాను గనుక బాన్‌వైర్‌ను మామూలు విహారయాత్రికుడి కంటే ఎక్కువ పట్టింపుతో చూశాను. చేనేత మీద మమకారం ఉన్న తెలుగువారెవరికైనా ఘనా వెళ్లే అవకాశం వస్తే, ఈ ఊరికి ఒక పూర్తి పగలు కేటాయించాలని నా గట్టి అభిప్రాయం.

కెంటె అనేది పట్టీ నేత. మన చీరలాగా బట్టను నిండు పన్నాతో నేయరు. సుమారు 4 అంగుళాల వెడల్పున్న పొడవాటి పట్టీలను విడివిడిగా నేసి, వాటిని అంచుకు అంచు చేర్చి కుట్టి, కప్పుకునే వస్త్రాన్ని తయారుచేస్తారు. పురుషులు ఎడమ భుజం మీదుగా చుట్టుకునే నిండు వస్త్రానికి 20కి పైగా పట్టీలు పడతాయి. ఈ ఒక్క విషయం తెలుసుకుని షెడ్డులోకి వెళితే, అక్కడ కనిపించే ప్రతి ఏర్పాటూ ఎందుకు అలా ఉందో తేలికగా అర్థమవుతుంది.

మగ్గం నాలుగు గుంజల చట్రం. నేతగాడు ఆ చట్రం లోపలే చిన్న బల్ల మీద కూర్చుంటాడు. మన గుంట మగ్గంలో కాళ్లు గోతిలోకి దిగి తొక్కుడు చెక్కల మీద ఆడతాయి. ఇక్కడ గొయ్యి లేదు, చెక్కలూ లేవు. పైనుంచి వేలాడే తాళ్ల చివర చిన్న గుండ్రటి బిళ్లలు కట్టి ఉంటాయి, ఆ తాళ్లను కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య బిగించి పట్టుకుని ఒక కాలు దించినప్పుడు ఒక వరుస పోగులు, రెండో కాలు దించినప్పుడు రెండో వరుస పోగులు విడిపోయేలా చేస్తారు. పడుగును కర్రకు చుట్టి దగ్గర పెట్టుకునే పద్ధతి కూడా లేదు. అది మగ్గం ముందు నుంచి నేల మీదుగా చాలా దూరం సాగిపోయి, చివర ఒక చెక్క మీద పెట్టిన బరువైన రాతికి కట్టి ఉంటుంది. నేసిన పట్టీ ఒడిలోని కర్రకు చుట్టుకుంటున్న కొద్దీ ఆ రాయి నేల మీద కొంచెం కొంచెంగా ఈడ్చుకుంటూ నేతగాడి వైపు జరిగివస్తుంది. పడుగు బిగువు మొత్తం ఆ బరువు మీదే ఆధారపడి ఉంటుంది. రంగురంగుల పోగులు వరుసగా సాగి, వాటి చివర రాళ్లు బారులు తీరి ఉన్న ఆ షెడ్డును చూస్తుంటే, తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు చాచి గంజి పెట్టి కుంచెతో సరిచేసే మంగళగిరి వీధులు నాకు కళ్లకు కట్టాయి.

నేను ఎక్కువసేపు గడిపినది పెద్ద వయసున్న ఒక నేతగాడి దగ్గర. ఆయన ట్వి భాషలో చెబుతుంటే మా వెంట ఉన్న యువకుడు ఇంగ్లీషులో వివరించాడు. ఆ మగ్గానికి పోగులను విడదీసే దారాల జతలు రెండు ఉన్నాయి. అసాతియా అనే మొదటి జతతో మామూలు సాదా నేత నడుస్తుంది. పడుగు దట్టంగా ఉంటుంది గనుక అక్కడ పడుగు రంగుల నిలువు చారలే పైకి కనిపిస్తాయి, పేక లోపల దాగిపోతుంది. అసానాన్ అనే రెండో జత కొన్ని కొన్ని పడుగు పోగులను కట్టగా కలిపి ఎత్తుతుంది. అప్పుడు పేక పడుగును పూర్తిగా కప్పేసి, బట్ట మీద మందమైన రంగు గడిగా పైకి తేలుతుంది. ఒకే పట్టీలో నిలువు చారలు ఉన్నట్టుండి అడ్డ గడులుగా మారిపోవడం వెనుక ఉన్న కిటుకు ఇదే. పూర్వం మూడో జత కూడా వాడి అశాంతి రాజు కోసం మాత్రమే నేసే అసాసియా అనే అరుదైన నేత ఉండేదని కూడా ఆయన చెప్పారు.

దీనికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది గడుల కొలత. పట్టీలు విడివిడిగా నేస్తారు గనుక, ఒక పట్టీలో రంగు గడి ఉన్నచోట పక్క పట్టీలో సాదా భాగం రావాలి, దానికి ఎదురుగా మళ్లీ గడి రావాలి. అలా కుదిరితేనే కుట్టిన తరువాత చదరంగపు పలక వంటి అమరిక నిలుస్తుంది. ప్రతి గడినీ ఒకే పొడవులో నేయకపోతే పట్టీ చివరికి వచ్చేసరికి తేడా పేరుకుపోయి అమరిక చెదిరిపోతుంది. ఆయన కొత్త గడి నేసిన ప్రతిసారీ, ముందు నేసి పక్కన పెట్టిన పట్టీని తీసి, రెండింటినీ బొటనవేలి గోరుతో ఆనించి సరిచూసుకుని గాని ముందుకు సాగలేదు. పేకను బిగించే దెబ్బ ఒక్కటి ఎక్కువైనా గడి కురచ అవుతుందని, అందుకే నిద్ర చాలని రోజున తాను గడులున్న భాగం జోలికి పోనని ఆయన అన్నారు. ఇంతటి శ్రద్ధ గడిగడికీ అవసరమయ్యే నేతను నేను అంతకుముందు దగ్గరగా చూడలేదు.

మగ్గం మీద కూర్చుని నేసే అవకాశం ఈ సేవలో తప్పక తీసుకోవలసిన భాగం. దీనికి రుసుము వేరుగా ఉంటుంది, అది న్యాయమైనదే, ఎందుకంటే ఆ సేపు ఒక నేతగాడి మగ్గం మన కోసం ఆగుతుంది. నాడెను ఒక చేత్తో విసిరి రెండో చేత్తో అందుకోవడం త్వరగానే పట్టుబడింది. పన్నా చిన్నది గనుక అది కష్టం కాదు. కష్టమంతా కాలి వేళ్లది. తాడును వేళ్ల మధ్య బిగించి సమానమైన బలంతో దించడం, రెండో కాలిని అదే సమయంలో సడలించడం, ఈ రెండూ కుదరకపోతే పోగులు సరిగా తెరుచుకోవు, నాడె తప్పుడు దారిలో దూరిపోతుంది. మాకు నేర్పిన యువకుడు విసుగు చూపలేదు, ప్రతి తప్పు పోగునూ వెనక్కి తీయించి మళ్లీ వేయించాడు. పర్యాటకులను సంతోషపెట్టడానికి బాగుందని పొగిడి పంపించే పద్ధతి అక్కడ లేకపోవడం నాకు నచ్చింది. సంప్రదాయంగా కెంటె నేసేది పురుషులే, స్త్రీలు మగ్గం మీద కూర్చోకూడదన్న ఆంక్ష ఉండేది. ఇప్పుడు కొందరు స్త్రీలు కూడా నేస్తున్నారు. మా ఆవిడను కూడా ఏ అభ్యంతరమూ లేకుండా కూర్చోబెట్టారు. కండెలు చుట్టే పని మంగళగిరిలో చేసిన చేయి కావడంతో ఆమె నాకంటే తొందరగా నేర్చుకుంది.

అక్కడివారు చెప్పే పుట్టుపూర్వోత్తరాల కథ చాలా ప్రసిద్ధమైనది: వేటకు వెళ్లిన ఇద్దరు మిత్రులు అనాన్సె అనే సాలీడు గూడు అల్లడం చూసి, ఆ పద్ధతిని రాఫియా అనే తాటిజాతి చెట్టు నారతో అనుకరించి తొలి నేత నేశారని చెబుతారు. దానిని కథగానే వినాలి. చరిత్రలో స్పష్టంగా కనిపించేది ఏమిటంటే, 18వ శతాబ్దంలో అశాంతి రాజాస్థానంలో, తీరంలోని ఐరోపా వర్తకుల ద్వారా వచ్చిన పట్టు బట్టలను విప్పి పోగులు తీసి, ఆ పోగులతో కెంటె నేయించేవారు. ఇప్పుడు నడుస్తున్నవి ఎక్కువగా రేయాన్, పాలిస్టర్, నూలు దారాలే. ప్రతి నమూనాకూ ఒక పేరు, ఆ పేరుకు ఒక సందర్భం ఉంటాయి. ఘనాకు స్వాతంత్ర్యం వచ్చిన 1957 సంవత్సరం చివరలో ఆ దేశపు తొలి నాయకుడు క్వామే ఎన్‌క్రుమా ఈజిప్టుకు చెందిన ఫతియాను పెళ్లాడినప్పుడు, ఆమె ఆయనకు తగిన ఇల్లాలన్న పేరుతో ఒక నమూనా వెలిసింది. 1966లో సైనిక తిరుగుబాటు ఆయనను పదవి నుంచి దించిన తరువాత అదే నమూనాకు ఒక్కడే దేశాన్ని ఏలలేడు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. నేతగాళ్ల వీధి దేశ రాజకీయాలను బట్ట మీద ఎలా నమోదు చేసిందో ఆ ఒక్క నమూనాను చేతిలో పట్టుకుని తెలుసుకోవచ్చు. 2024 డిసెంబరులో యునెస్కో కెంటె నేతను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు యువకుల గొంతులో వినిపించిన గర్వం న్యాయమైనది.

ఇక కొనుగోలు విషయం. ఊరిలోకి కారు వచ్చి ఆగీ ఆగకముందే అమ్మకందారులు చుట్టుముడతారు, పేరు అడిగి తెలుసుకుని ఆ పేరు నేసిన చిన్న పట్టీ తెచ్చి చేతిలో పెట్టాలని చూస్తారు. విజయవాడ వస్త్రలతలో బేరమాడడం అలవాటైన మావంటివారికి కూడా ఆ ఒత్తిడి ఇబ్బందిగానే ఉంది. ఈ సేవలో నాకు నచ్చని భాగం ఇదొక్కటే అని చెప్పాలి. ముందుగా మగ్గాలు చూస్తామని, కొనేది చివరనేనని నవ్వుతూ, గట్టిగా చెబితే వారు అర్థం చేసుకుంటారు. నేతగాడి దగ్గర కొన్నప్పుడు బేరం మితంగా ఉండాలి. మెడలో వేసుకునే ఒంటి పట్టీ ఎవరికైనా అందుబాటులో ఉంటుంది. నిండు వస్త్రం ధర వేల సెడీలలోనే (సెడీ ఘనా నాణెం) ఉంటుంది, ఖాళీ లేకుండా పట్టీ అంతా గడులు నిండిన అద్వెనెసా వంటి నమూనా అయితే ఇంకా చాలా ఎక్కువ. గంటల కొద్దీ కూర్చుని ఆ పనిని చూసిన తరువాత ఆ ధర ఎక్కువ అని నాకు అనిపించలేదు.

అసలు నేతకూ అచ్చువేసిన నకలుకూ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. నేసిన వస్త్రాన్ని తిరగేసి చూస్తే 4 అంగుళాలకు ఒకసారి కుట్టు కనిపిస్తుంది, వెనుక వైపు కూడా రంగులు ముందు వైపంత నిండుగా ఉంటాయి, గడి మీద వేలు రాస్తే మందం తెలుస్తుంది. నకలు బట్టలో కుట్లు ఉండవు, వెనుక వైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. నేత మంచిదో కాదో తేల్చుకోవడానికి కుట్టు దగ్గర గడులు ఎదురెదురుగా సరిగ్గా కలిశాయో లేదో చూడాలి. పవర్‌లూమ్ బట్ట మీద మంగళగిరి పేరు వేసి అమ్ముతుంటే చూసి బాధపడిన మనకు, కుమాసీ బజారులో అచ్చు కెంటె గుట్టలు చూసినప్పుడు కలిగే బాధ కొత్తది కాదు.

ఈ కేంద్రానికి ఎలా చేరుకుంటామన్నది కూడా చాలా ముఖ్యం. మేము మొదట కుమాసీలో ఒక ట్రావెల్ సంస్థ ద్వారా సగం పూట ప్యాకేజీ తీసుకున్నాము. ఆ డ్రైవరు దారిలో ఒక దుకాణం ముందు ఆపి, అక్కడే నేత అంతా చూడవచ్చని, ఊరిలోకి వెళితే సమయం వృథా అని పట్టుబట్టాడు. ఆ దుకాణంలో ఒకే ఒక మగ్గం ప్రదర్శనకు పెట్టి ఉంది, దాని మీద ఎవరూ లేరు. ఘనాలోని టెమా అనే రేవు పట్టణంలో ఉద్యోగం చేస్తూ మాతోపాటు వచ్చిన మా బావమరిది, "బావగారూ, మనం చూడాలనుకున్నది ఇది కాదు, రేపు మనమే టాక్సీ మాట్లాడుకుని వెళదాం" అన్నాడు. మరునాడు అలాగే వెళ్లాము, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎవరూ తొందరపెట్టలేదు. కుమాసీ నుంచి రానుపోను టాక్సీ ముందే ధర మాట్లాడుకుని పెట్టుకోవడం అన్ని విధాలా మేలు. తిరుగు ప్రయాణంలో న్టోన్సో అనే ఊరిలో ఆగితే అడింక్రా అద్దకం చూడవచ్చు. ఎండిన సొరబుర్ర ముక్కల మీద గుర్తులు చెక్కి, చెట్టు బెరడును మరిగించి తీసిన నల్లని రంగులో ముంచి బట్ట మీద అద్దుతారు. పెడన కలంకారీ అచ్చులు ఎరిగినవారికి ఆ ఆగుడు తప్పక నచ్చుతుంది.

ఆదివారం ఈ ఊరికి వెళ్లవద్దు. చర్చికి వెళ్లేవారు ఎక్కువ గనుక చాలా మగ్గాలు ఆగి ఉంటాయి. ఆ రోజును కుమాసీలో ఉంచుకుంటే, 42 రోజులకు ఒకసారి ఆదివారం నాడు మన్హియా రాజప్రాసాదంలో జరిగే అక్వాసిడే వేడుక తారీఖుతో కలిసే అవకాశం ఉంది. 1999 నుంచి సింహాసనం మీద ఉన్న అశాంతి రాజు రెండవ ఒసేయి టుటు ఆ రోజున కొలువుతీరతారు. మగ్గం మీద చూసిన బట్ట మనిషి ఒంటి మీద ఎంత హుందాగా నిలుస్తుందో అక్కడ తెలుస్తుంది. ఊరిలో పెద్దలు కనిపిస్తే ముందు పలకరించి ఆ తరువాతే పని మాట్లాడాలి, ఇచ్చిపుచ్చుకోవడం కుడిచేత్తోనే జరగాలి, ఫోటో తీసేముందు అడగాలి. ఇవి మన ఇళ్లలో పిల్లలకు నేర్పే మర్యాదలే గనుక వేరుగా శ్రమపడనవసరం లేదు.

భోజనం గురించి శాకాహారులు కొంత జాగ్రత్త పడాలి. బొబ్బర్లను పామాయిల్‌లో వండి, వేయించిన అరటి ముక్కలతో పెట్టే రెడ్ రెడ్ అనే వంటకం కడుపు నిండా తినవచ్చు, మనకు బాగా నప్పుతుంది. అయితే అందులో చేప పొడి వేస్తారో లేదో ముందే అడగాలి. షిటో అనే నల్లని కారం చూడగానే గుంటూరువారికి చేయి సాగుతుంది గాని, దానిలో ఎండు చేపలు, ఎండు రొయ్యలు ఉంటాయి. మాంసాహారులకు ఏ ఇబ్బందీ లేదు, వేరుశెనగ పులుసుతో ఫూఫూ అనే ముద్ద తిని చూడాలి.

విజయవాడ వైపు నుంచి వెళ్లేవారికి హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా ఘనా రాజధాని ఆక్రాకు విమాన మార్గం సౌకర్యంగా ఉంటుంది. ఆక్రా నుంచి కుమాసీకి దేశీయ విమానంలో గంటలోపే చేరుకోవచ్చు, రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లు. వీసా ముందే తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం లేనిదే ఘనాలో అడుగుపెట్టనివ్వరు. టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ పత్రం తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో కూడా చూపవలసి ఉంటుంది, లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం వారికి ఉంది. మలేరియా మందుల విషయం డాక్టరును అడిగి తెలుసుకోవాలి. వర్షాలు తక్కువగా ఉండే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రయాణానికి అనువైన కాలం.

బాన్‌వైర్ చూసి వచ్చిన నాటి నుంచి నా మనసులో నిలిచిన మాట ఒకటి ఉంది. మంగళగిరికి చీరల కోసం వచ్చేవారిని మనం నేరుగా దుకాణంలో కూర్చోబెడతాము. గుంట మగ్గం మీద పనిచేసేవారు ఆ వెనుక సందులోనే ఉన్నా, కొనేవారు వారిని చూడకుండానే వెళ్లిపోతారు. బాన్‌వైర్‌లో మగ్గమే ముందు, దుకాణం ఆ తరువాత. కొనేవాడు పనిని చూస్తాడు, ధర ఎందుకంతో అతనికి ఎవరూ చెప్పనవసరం లేదు. దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు: ఒక షెడ్డు, వివరించగలిగిన నలుగురు యువకులు, ఆగిన మగ్గానికి తగిన రుసుము. మన సహకార సంఘాలు ఈ పద్ధతిని అధ్యయనం చేసి అమలు చేయాలని కోరుకుంటున్నాను.

బాన్‌వైర్ కేంద్రం నిర్వాహకులకు నేను రాతపూర్వకంగా ఇచ్చిన సూచనలు కూడా ఇక్కడ పెడుతున్నాను. ప్రవేశానికి, నేయడానికి ఎంత రుసుమో బోర్డు మీద రాయాలి, ఎందుకంటే మమ్మల్ని అడిగిన మొత్తానికీ మా తరువాత వచ్చిన బృందాన్ని అడిగిన మొత్తానికీ తేడా ఉంది. అమ్మకందారులకు షెడ్డు బయట ఒక చోటు కేటాయించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి పట్టీ అంచున నేసినవారి పేరు, నమూనా పేరు రాసిన చిన్న చీటీ కుట్టాలి. నేను కొన్న పట్టీని నేసిన పెద్దాయన పేరు అడిగి రాసుకున్నాను గాని, అదే షెడ్డులో అదే పూట కొన్న మిగిలిన వారిలో ఎవరికీ తాము కొన్నది ఎవరి చేతి పనో తెలియదు.